నీలమా, పసుపా?

"నేను అడిగింది నీలం రంగు. మీ అభిప్రాయం కాదు," అంది పల్లవి.

పెయింట్ల షాపు కౌంటర్ వెనక గిరి నవ్వు ఆపుకున్నాడు. "ముదురు నీలం ఏస్తే మీ రూము బావి మాదిరి ఉంటాది మేడం. లేత పసుపు ఏయించుకోండి."

"నా రూము మీరు యాడ సూసినారు?"

"పలమనేరంతా సూసింది కదా!"

నిజమే. తిరుపతిలో కంప్యూటర్ కోర్సు చదివిన పల్లవి, బెంగళూరు ఉద్యోగం వద్దనుకుని సొంత ఊళ్లో ఆడపిల్లల కోసం కంప్యూటర్ సెంటర్ తెరుస్తోందని అందరూ చెప్పుకుంటున్నారు. నాయన పెంచలయ్య తన పాల డిపో పక్క గదిని అందుకే ఖాళీ చేసిచ్చాడు.

మరునాడు గిరి తానే రెండు డబ్బాలు పట్టుకొచ్చి, గోడ మీద రెండు రంగులూ పక్కపక్కన పూశాడు. బయట సన్నగా వాన. ఆరేదాకా ఇద్దరూ గోడనే చూస్తూ కూర్చున్నారు. మధ్యమధ్య ఒకరినొకరు కూడా చూసుకున్నారు, గోడను చూస్తున్నట్టే.

ఆరాక పల్లవికి తెలిసిపోయింది. నీలం పక్కన గది ముడుచుకుపోయింది. పసుపు పక్కన ఆ వానపూట కూడా వెలుతురే. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

అంతలో పెదనాయన గురప్ప గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. "ఆడపిల్ల ముచ్చటకు ఏ రంగైతే ఏమబ్బా? పెండ్లయితే మూసేసేదే కదా. సున్నం కొట్టెయ్."

పల్లవి ముఖం ఎర్రబడింది. ఆమె నోరు తెరిచేలోగా గిరి లేచాడు.

"మూసేసేదానికి ఎవురైనా ఇంత ఆలోచన సేస్తారా పెద్దాయనా? ఇది ఆమె సెంటరు. ఆమె నీలమంటే నీలమే ఏస్తా."

గురప్ప గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

"పసుపే ఏయండి," అంది పల్లవి. "మీకోసం కాదు. బాగుండాది కాబట్టి."

గిరి బ్రష్ కింద పెట్టాడు. "మా మేడ మీద రూముకు మీకిష్టమైన నీలం ఏద్దామనుకుంటా ఉండాను. సూసేదానికి వస్తారా?"

"సూసేదానికి రాను." పల్లవి తల ఎత్తింది. "ఉండేదానికైతే వస్తా. మా నాయన్ని అడగండి. సెంటర్ మాత్రం మూయను."

"మూస్తే నేనే ఊరుకోను!"

రంగు చేతులతోనే గిరి డిపోలోకి పరుగెత్తాడు. పెంచలయ్య అంతా విని, గుమ్మంలో నిలబడ్డ కూతురి ముఖం చూశాడు. తర్వాత, పాలు పోయడానికి వచ్చినవాళ్లందరికీ వినబడేలా అన్నాడు.

"విన్నారా అప్పా! మా పల్లవి సెంటరు పెట్టినాది. మొగుణ్ణి కూడా తనే సూసుకున్నాది!"