ప్రమాణం చెయ్యని ఎలిజబెత్

1944 వేసవి. బెజవాడ గవర్నరుపేటలో డిటెక్టివ్ రామకోటేశ్వరరావు గదిలోకి వచ్చిన ఆడమనిషి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. పేరు ఎలిజబెత్. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి, ఇప్పుడు కంకిపాడులో బట్టల వర్తకుడు అంకమ్మరావు ముసలితల్లికి సేవ చేస్తోంది.

"కోడలుగారి కాసులపేరు పోయిందండి. నేను తియ్యలేదు. సాయంత్రంలోగా చెప్పకపోతే పోలీసులకి అప్పజెబుతామంటున్నారు."

"తీసిందెవరో తెలుసా?"

ఆమె తల వంచుకుంది. "అది అడక్కండి బాబుగారూ. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. సంగతేమిటో తెలియకముందే ఇచ్చాను."

"తెలియదని చెప్పేస్తే సరిపోయేదిగా?" అన్నాడు అసిస్టెంటు ఏడుకొండలు.

"తెలుసు గదండీ."

రామకోటేశ్వరరావు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు. కలిగినవాళ్ళ ఇంట్లో వస్తువు పోతే ముందు విప్పేది పనిమనిషి మూటేనని ఆయనకు తెలుసు.

పెట్రోలు కరువుకి బొగ్గుతో నడుస్తున్న బస్సు కంకిపాడు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అంకమ్మరావు గుమ్మంలోనే అందుకున్నాడు.

"దీనికి డిటెక్టివ్ కూడానా! నిన్న దేవుడి దగ్గర కర్పూరం వెలిగించానండీ. నేనూ, మా ఆవిడా, చూపు లేని మా అమ్మతో సహా ఆర్పి ప్రమాణం చేశాం. ఇది మాత్రం చెయ్యనంది. పోనీ బైబిలు మీదే చెయ్యవే అంటే దానికీ రాదు."

"తియ్యలేదని చెప్పాను గదండీ," అంది ఎలిజబెత్. "ప్రమాణం చేస్తే అది ఇంకాస్త నిజమవుతుందా అండీ?"

"వస్తువు పోయిన రోజు మీరెక్కడున్నారు?" రామకోటేశ్వరరావు అడిగాడు.

"నూలు పర్మిటు కోసం బందరులో."

ముసలామె వెంకటరావమ్మ మంచం మీద దుప్పటి అంచు పోగులు తడుముతూ పడుకుని ఉంది. నగల పెట్టె ఆ గదిలోనే. కోడలు రామతులసి మెడలోని తాడు తీసి ఇచ్చింది. దానికి తాళంచెవి వేలాడుతోంది.

"భోంచేసి ఇక్కడే కునుకు తీశానండి. లేచేసరికి తాళంచెవి మెళ్ళోనే ఉంది."

"తాడు ఎప్పుడైనా తెగిందా?"

"ఉగాదికి వేసిన కొత్త తాడండి. ఒకటే ముడి."

ఆయన వేలు తాడు వెంట జరుగుతూ ఒకచోట ఆగింది. అక్కడ నువ్వుగింజంత రెండో ముడి.

"మీకు మగ్గం పని వచ్చా అమ్మా?"

"కొట్టు పెట్టాక ఈ ఇంట్లో మగ్గమెక్కడిదండీ? అత్తగారితోనే ఆఖరు."

ఎలిజబెత్ చేతికి రెండు దారాలిచ్చి ముడి వెయ్యమన్నాడు. గాయానికి కట్టినట్టు లావుపాటి ముడి వేసింది.

అందర్నీ మంచం చుట్టూ నిలబెట్టాడు రామకోటేశ్వరరావు.

"నిద్రపోతున్న మనిషి మెళ్ళో తాడు కత్తిరించి, తాళంచెవి వాడుకుని, మళ్ళీ అతికారు. తెగిన పడుగు పోగుల్ని నేతగాళ్ళు అతికే ముడి ఇది. దీనికి కళ్ళక్కర్లేదు, వేళ్ళు చాలు. అంకమ్మరావుగారు ఊళ్ళో లేరు. రామతులసిగారికి మగ్గం పని రాదు. ఎలిజబెత్ ముడి మీరే చూశారు."

దుప్పటి మీద వేళ్ళు ఆగిపోయాయి.

"ఆ కాసులు నావిరా," అంది వెంకటరావమ్మ. "నలభై ఏళ్ళు నా మెళ్ళో ఉన్నాయి. నీ చెల్లెలు చౌడేశ్వరి మైలవరంలో క్షయతో మంచం పట్టింది. దాని పేరెత్తితే కరుస్తావు. దాని మొగుడు దొడ్డి గుమ్మంలోకొస్తే ఇచ్చేశాను. నన్నక్కడిదాకా నడిపించింది ఎలిజబెత్తే. ముందే మాట తీసుకున్నాను."

"మరి కర్పూరం ఆర్పావేమే అమ్మా?"

"నీకు భయపడి."

"ఈమెని పోలీసులకి అప్పజెబుతామన్నప్పుడు విన్నారు గదా?" అన్నాడు ఏడుకొండలు. ముసలామె మొహం గోడవైపు తిప్పుకుంది.

అంకమ్మరావు వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"చూడమ్మా ఎలిజబెత్తూ, నీ మాటంటే మాటే. ఇంటి గుట్టు బయట పెట్టనని ఒక్క మాటివ్వు."

ఆమె ముసలామెకి మూడు గంటల మందు తాగించి, మూతి తుడిచి, తన మూట చంకన పెట్టుకుంది.

"ఇవ్వనండి. ఇస్తే నిలబెట్టుకోవాలి గదండీ."

తలుపు తనే తీసుకుని వెళ్ళిపోయింది.