రేకుల ఇంట్లో దగ్గు

ధర్మవరంలో ఆ రేకుల ఇంటి పేరెత్తితే ఆటోవాళ్లు కూడా మాట మార్చేవాళ్లు. పొద్దు గూకితే చాలు, తాళం వేసిన ఇంట్లోంచి దగ్గు వినపడుతుందని చెప్పుకునేవాళ్లు. పొడి దగ్గు... ఆగి ఆగి... గొంతులో పడ్డదాన్ని కక్కలేక ఎవరో అవస్థ పడుతున్నట్టు.

ఆ ఇంటి ముసలాయన ఎక్కడో సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో చేసి వచ్చి, ఏళ్ల తరబడి దగ్గి దగ్గి అందులోనే పోయాడట. చెప్పేవాళ్లే అందరూ, లోపలికి పోయి చూసినవాడు ఒక్కడూ లేడు. మా ఊళ్లో దయ్యాలకి ప్రచారం ఎప్పుడూ బాగానే జరుగుతుంది.

2003లో వేణు అనే నేతగాడు ఆ ఇల్లు కొన్నాడు. భార్య చౌడేశ్వరి, ఆరేళ్ల కూతురు సాయిసుధ. నాకిదంతా చెప్పింది చౌడేశ్వరే. చెబుతూ చెబుతూ రెండుసార్లు లేచి పాప దగ్గరికి వెళ్లొచ్చింది.

పాత సిమెంటు రేకులు కారుతున్నాయి. చుక్క పడితే మగ్గం మీద పట్టు పాడు. అందుకని వేణు ముందు మగ్గం గది కప్పు విప్పాడు. పగలు షావుకారు ఇంట్లో నేత, తీరిక దొరికితే రంపం పట్టి ఆ పాత రేకుల కోత. ఇల్లంతా తెల్లబూడిద లాంటి దుమ్ము. ఊడ్చిన గంటకే మళ్లీ దుమ్ము.

వారం తిరక్కుండానే పాపకి దగ్గు పట్టుకుంది.

పక్కింటి ఉలిగమ్మ వచ్చి చెవిలో చెప్పింది — "ముసలాయన బిడ్డను పట్టినాడు. ఆ గదిలో దుమ్మే పిడికెడు తీసుకోని దిష్టి తీయి అమ్మీ. బయట మన్ను పనికిరాదు."

ఇక నెల రోజులు అదే పని. రెండు పూటలా మగ్గం గదిలో దుమ్ము తీసి, ఉప్పూ మిరపకాయలూ కలిపి, బిడ్డ మొహం చుట్టూ తిప్పి, పిడికిట్లో మూడుసార్లు ఉమ్మించేది. దగ్గు తగ్గలేదు. చౌడేశ్వరి ఇంకా శ్రద్ధగా తిప్పింది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. పాపను కూర్చోబెట్టి, పిడికిలి ఎత్తింది... అప్పుడు —

మగ్గం గదిలోంచి దగ్గు.

వేణు ఇంకా రాలేదు. పాప ఎదురుగానే ఉంది. మళ్లీ... ఖళ్... ఖళ్...

పారిపోదామనే అనుకుంది. కానీ బిడ్డను పట్టినదాన్ని ఇంకెన్నాళ్లు భరించేదని కోపం వచ్చింది. ఒక చేత్తో దీపం పట్టుకుని, రెండో చేతి పిడికిలి విప్పకుండానే పోయి తలుపు తోసింది.

మగ్గం గుంతలో కాళ్లు వేసుకుని ఒక మనిషి... జుట్టు తెలుపు. కనుబొమలు తెలుపు. రెప్పలు కూడా తెలుపే. ఆ మనిషి మెల్లగా తల తిప్పాడు —

"నేనే మే," అన్నాడు వేణు. "పెరటి దోవన వస్తి. గుంతలో పడిన రేకు ముక్కలు ఎత్తేస్తాండా."

చౌడేశ్వరి దీపం గడప మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. నెల రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయింది.

అదే సమయానికి ఆమె తమ్ముడు ఉమాశంకర్ హిందూపురం నుంచి దిగాడు. అక్కడ ఫ్యాక్టరీ షెడ్లకి రేకులు వేస్తాడు, కొత్త కప్పు ఎక్కించడానికి రమ్మన్నారు. సంగతి విన్నాడు, టార్చి వేశాడు. వెలుగులో దుమ్ము సన్నగా తేలుతూ కనిపించింది. అతను నవ్వలేదు.

"దయ్యం లేదక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "ముసలాయన్ను చంపింది ఈ దుమ్మే అనుకుంటా. దీంట్లో కంటికి కనపడని పోగులు ఉంటాయంట, మా సారు చెప్పినాడు. ఊపిరిలోకి పోతే ఆడే నిల్చిపోతాయి. అందరికీ రోగం రాదు. వస్తే మాత్రం ఇరవై ముప్పై ఏండ్లకు గానీ బయటపడదు... పాపను దీని దగ్గరికి రానియ్యలేదు కదా?"

చౌడేశ్వరి మెల్లగా పిడికిలి విప్పి చూపించింది.

ఉమాశంకర్ టార్చి ఆర్పేశాడు. దుమ్ము తడిపేదానికి బకెట్టు నీళ్లు యాడుండాయని వేణును అడిగాడు. గడప దగ్గర నుంచి అక్క గొంతు వినపడింది —

"ముసలాయన దయ్యమే అయ్యుంటే బాగుండురా. కోడిని కోసైనా పంపిచ్చేద్దును."