పట్టుకునేవాడి పిడికిలి

ఫిజియో అమ్మాయి మధ్యాహ్నం భోజనం ముగించి కాస్త నడుం వాలుద్దామనుకుంటుండగా ఫోన్ మోగింది. పక్క వీధి పెద్దావిడ. పక్షవాతం వచ్చిన ఆవిడ భర్తకి చేతులూ కాళ్ళూ ఆడించి రావడం ఈ అమ్మాయి పని.

“అమ్మాయ్, ఒకసారి రాగలవా? మీ బాబాయిగారు నా చెయ్యి పట్టుకున్నారు. వదలడం లేదు.”

“అదృష్టవంతులు పిన్నిగారూ! మా ఆయన రోడ్డు దాటేటప్పుడు కూడా పట్టుకోడు.”

అవతల నవ్వు వినపడలేదు. “తలుపు తీసే ఉంది. తోసుకు రా.”

ఆ పెద్దాయన సామాన్యుడేం కాదండోయ్. వయసులో ఉండగా సర్కస్‌లో పనిచేశాడు. ఉయ్యాల మీద తలకిందులుగా వేలాడుతూ, గాల్లో ఎగిరొచ్చేవాళ్ళని ఒడిసి పట్టుకునేవాడు. ఆయన్ని అందరూ పిలిచేదీ అలాగే, ‘పట్టుకునేవాడు’ అని. ఒక్కసారి మాత్రం, ఎగిరొచ్చిన ఓ చిన్నపిల్ల చెయ్యి ఆయన పిడికిట్లోంచి జారిపోయిందట. ఇప్పుడు కుడిపక్క పడిపోయింది. పక్షవాతం వస్తే చెయ్యి వాలిపోతుందనుకుంటాం గానీ, చాలామందికి ముడుచుకుపోతుంది. ఎందుకంటారా? కండకి వచ్చిన విద్య ఒక్కటే, లాగడం. తొయ్యడం దానివల్ల కాదు. ముంజేతి లోపలివైపు కండలు లాగితే వేళ్ళు మూసుకుంటాయి, వెనకవైపువి లాగితే తెరుచుకుంటాయి. ఒకళ్ళు లాగుతుంటే రెండోవాళ్ళు మర్యాదగా సడలాలి. మెదడు అదుపు తప్పిందా, ఇద్దరూ పంతానికి పోతారు. లోపలివాళ్ళే గెలుస్తారు.

అమ్మాయి వెళ్ళేసరికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఎండలోంచి వచ్చిన కళ్ళకి గది బావిలా కనిపించింది. నొప్పుల తైలం వాసన. దాని అడుగున ఇంకేదో, తడిసిన ఇనుము లాంటి వాసన. స్నానాల గదిలో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

పెద్దాయన గోడ వైపు తిరిగి, మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. కుడిచెయ్యి మాత్రం వీపు వెనక మంచం అంచుకి చాచి ఉంది. ఆ పిడికిట్లో పెద్దావిడ చెయ్యి. ఆవిడ పక్కన కుర్చీలో ఒరిగి ఉంది. పెదాలు ఎండిపోయాయి.

“ఎప్పట్నుంచి?”

“నిన్న సాయంత్రం నుంచి. పెళ్ళిరోజు కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు మహానుభావుడు.”

“నిన్నటి నుంచా! అప్పుడే పిలవొద్దూ?”

“వదులుతారులే అనుకున్నాను... మెల్లగా మాట్లాడు. నిద్రపోతున్నారు.”

అమ్మాయి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇలాంటి పిడికిలి తెరవడానికి బలం అక్కర్లేదు, కిటుకు చాలు. వేళ్ళని ఆడించే కండలు ముంజేతిలో ఉంటాయి కదా. అక్కణ్ణుంచి సన్నటి తాళ్ళలాంటివి మణికట్టు మీదుగా వేళ్ళకి వెళతాయి. మణికట్టుని లోపలికి వంచితే వెనక తాళ్ళు బిగుసుకుంటాయి, ముందువి వదులవుతాయి, పిడికిలి తనంతట తనే విచ్చుకుంటుంది. కావాలంటే మీ చేత్తోనే చేసి చూసుకోండి.

విచ్చుకున్న సందులో గుడ్డ చుట్ట దూర్చాలి. వేళ్ళు పెట్టకండర్రా అని చదువు చెప్పిన మాస్టారు నెత్తీ నోరూ బాదుకున్నాడు. కానీ ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళకి ఓ పొగరుంటుంది. కండ సడలిందో లేదో గుడ్డకేం తెలుస్తుందని సొంత వేళ్ళే పెడతారు. ఈ అమ్మాయీ అంతే. ఎడమచేత్తో ఆయన మణికట్టు వంచింది, కుడిచేతి వేళ్ళు సందులో దూర్చింది.

పిడికిలి విచ్చుకుంది. చాలా తేలిగ్గా.

పెద్దావిడ చెయ్యి బయటికి జారింది. నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉంది. ఆవిడ లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

పిడికిలి అమ్మాయి వేళ్ళ మీద మూసుకుంది.

“పిన్నిగారూ, మళ్ళీ ఇంకొంచెం వంచాలి. ఆ మోచెయ్యి కాస్త పట్టుకోండి.”

ఆవిడ దగ్గరికి రాలేదు. “లాగకు తల్లీ,” అంది గుసగుసగా. “లాగితే బిగిస్తారు. నేను ఎవర్నయినా పిలుస్తాను... నన్ను క్షమించు.”

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందకి పోయింది.

“పిన్నిగారూ!”

కుళాయి చుక్క. మళ్ళీ చుక్క.

ఫోన్ సంచిలో ఉంది, సంచి గుమ్మం దగ్గర ఉంది. అమ్మాయి ఎడమచేత్తో దుప్పటి లాగింది. ఆయన భుజం చల్లగా తగిలింది. దవడ తాకి చూసింది. కర్ర. మెడ కర్ర. గోళ్ళు నీలం.

పోయి చాలా గంటలైంది.

ఆమెకి చదువుకున్నదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. కండంటే పోగులు, ఆ పోగుల్లో మరీ సన్నటి పోగులు, చిట్టచివర కంటికి ఆనని కొక్కేలు. అవి పక్క పోగుని పట్టి లాగి, వదిలి, మళ్ళీ పట్టుకుంటాయి. తమాషా ఏంటంటే, వదలడానికే శక్తి కావాలి. ఊపిరి ఆగాక ఆ శక్తి అయిపోతుంది. కొక్కేలు పట్టినవి పట్టినట్టే ఉండిపోతాయి. శవం బిగుసుకునేది అందుకే. ఒకట్రెండు రోజులకి కండ పాడై, దానంతటదే వదులవుతుంది.

అంతే. భయపడాల్సిందేం లేదు. చచ్చిన కండ, అంతే...

కానీ బిగుసుకున్నది బిగుసుకున్నట్టే ఉండాలి కదా. ఇందాక విచ్చుకుందే. మళ్ళీ మూసుకుందే.

వదలడానికి దీనికి శక్తి ఎక్కడిది?

మణికట్టు పట్టుకుని మళ్ళీ వంచబోయింది. ఈసారి వంగలేదు. రాయి. ఒళ్ళంతా వెనక్కి వేసి గుంజింది. పిడికిలి ఇంకో పిసరు బిగిసింది. ఆమె వేళ్ళ ఎముకలు ఒకదానికొకటి ఆనుకున్నాయి. ఈ వేళ్ళు పోతే ఇక పనే లేదు. పదిమందినీ నడిపించిన వేళ్ళవి... మళ్ళీ గుంజింది. మళ్ళీ ఓ పిసరు.

“బాబాయిగారూ... వదలండి,” అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “వదలండి... మీకు దణ్ణం పెడతాను.”

ముంజేతి చర్మం కింద కండ మెల్లగా కదిలింది. మోచేతి నుంచి మణికట్టు దాకా, నీళ్ళ కింద చేప పోయినట్టు. ఆయన వీపు మాత్రం కదల్లేదు. ఊపిరీ లేదు.

లాగకు తల్లీ.

లాగడం మానేసింది. వేళ్ళు వదులుగా పెట్టింది. కళ్ళు మూసుకుంది. పిడికిలి కూడా బిగించడం ఆపింది. గదిలో ఏ చప్పుడూ లేదు. కుళాయి ఎప్పుడాగిందో...

అప్పుడు తెలిసింది.

ఆ చల్లటి గుప్పిట్లో, తన అరచేతికీ ఆయన అరచేతికీ మధ్య, ఇంకో చెయ్యి ఉంది.

చిన్నది. వెచ్చగా ఉంది. చెమట పట్టి ఉంది.

అది తన చిటికెన వేలిని వెతుక్కుని, గట్టిగా పట్టుకుంది.