వంటింటి పక్క గది

అరబ్బుల దేశంలో, సత్వా పేటలోని ఆ పాత ఫ్లాట్లో తెల్లారిందంటే బాత్రూమ్ ముందు క్యూ మొదలైనట్టే. ఆదివారం కదా, కాసేపు పడుకుందామన్న జ్ఞానం ఎవరికీ లేదు. ఒకరి భుజాన తువ్వాలు, ఒకరి నోట్లో బ్రష్షు, లోపలున్నవాడి మీద అందరికీ కోపం. వాళ్ళందరికంటే ముందే లేచి స్నానం కానిచ్చేసిన అచ్చాయమ్మ, కిటికీ పక్కన మంచం మీద కూర్చుని పాలపొడి డబ్బాలో పెంచుతున్న పుదీనాకి నీళ్ళు పోస్తోంది.

ప్లైవుడ్ చెక్కలు అడ్డం కట్టి ఒక్క ఫ్లాట్లో ఐదు సంసారాలు ఇరికించారు. వాటిలో కిటికీ ఉన్న వాటా అచ్చాయమ్మది. కూతురు శాంతిప్రియ, అల్లుడు మంగరాజు, నాలుగేళ్ళ మనవరాలు కెజియా కూడా అందులోనే. మంచం అమ్మమ్మకీ మనవరాలికీ, నేల మొగుడూ పెళ్ళాలకీ. కాలు చాపితే గోడ, చెయ్యి చాపితే బీరువా.

శాంతిప్రియ మూడు గ్లాసుల్లో టీ తెచ్చింది. మంగరాజు ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు.

"ఇదేం టీయే, కషాయం కాచావా? పంచదార ఏదీ?"

"అయ్యో నా మతిమరుపు మండిపోను! అమ్మా, ఉండుండు, తాగకు."

అప్పటికే అచ్చాయమ్మ గ్లాసు ఖాళీ. "బాగానే ఉందిలే" అంది.

"పంచదార లేకుండా ఎలా బాగుంటుందమ్మా?"

"నాకేదైనా ఒకటేనే."

అదీ అచ్చాయమ్మ వరస. ఉప్పెక్కువైనా ఒకటే, ఉప్పు లేకపోయినా ఒకటే. ఏసీ చెడిపోయి ఫ్లాటంతా ఉడికిపోతుంటే, ఈవిడ మాత్రం కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుని ఊరుకుంటుంది. 'అంత మంచి మనిషిని చూడలేదు' అంటారు పక్క వాటాల వాళ్ళు. కన్న కూతురికి మాత్రం ఆ మంచితనం చూస్తే ఒళ్ళు మండుతుంది. గోడతో ఎంతకాలమని కబుర్లు చెబుతారు ఎవరైనా?

మంగరాజు గొంతు సవరించుకున్నాడు. నెలాఖరుకల్లా పార్టిషన్లన్నీ పీకెయ్యాలని వాచ్‌మన్ పది రోజుల కిందటే చెప్పిపోయాడు. 'ఖలాస్ భాయ్, ఏక్ ఫ్లాట్, ఏక్ ఫ్యామిలీ' అని చేతులు దులుపుకున్నాడు. సత్వాలో వేరే ఫ్లాట్ మొత్తం తీసుకునే తాహతు వీళ్ళకి లేదు. మంగరాజు జెబెల్ అలీ ఫ్రీ జోన్లో ఒక గోడౌన్‌కి సూపర్‌వైజరు. వాళ్ళ కంపెనీకి అల్ కుసైస్‌లో పాత బిల్డింగ్ ఒకటుంది. కుటుంబాలున్న పనివాళ్ళకి ముదీర్, అంటే మేనేజరు, అందులో వాటాలిస్తాడు, అద్దె లేదు. కాకపోతే చుట్టూ లేబర్ క్యాంపులు, వర్క్‌షాపులు, లారీలు. అందుకే వాటా ఇస్తామన్నా వద్దనేవాళ్ళే ఎక్కువ.

"అత్తయ్యగారూ, ఈవేళ సాయంత్రంలోగా మా ముదీర్‌కి ఫోన్ చేసి చెప్పాలండి. మనం కాదంటే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాడు."

"మీరెళ్ళండి బాబూ" అంది అచ్చాయమ్మ పుదీనా ఆకు ఒకటి గిల్లుతూ. "పిల్లకి గాలాడుద్ది. నేనిక్కడే ఎక్కడో మంచం మటుకు అద్దెకిచ్చే బెడ్‌స్పేస్ చూసుకుంటాను."

అప్పుడే తెచ్చిన పంచదార డబ్బా శాంతిప్రియ చేతిలో అలాగే ఉండిపోయింది.

కిందటి ఆదివారం నలుగురూ వెళ్ళి చూసొచ్చారు ఆ వాటాని. బస్సు దిగగానే కెజియా ముక్కు మూసుకుంది. మురుగు ట్యాంకర్లు వరసగా ఆగి ఉన్నాయి. క్యాంపుల బాల్కనీల నిండా పనివాళ్ళు తొడుక్కునే నీలం రంగు డాంగ్రీలు ఆరుతున్నాయి. ఒక్క బట్టల కొట్టు లేదు, టైలరు లేడు, సాయంత్రం పిల్లని ఆడించుకోవడానికి చోటు లేదు. శాంతిప్రియకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ లోపలికి అడుగుపెట్టాక కొంచెం మెత్తబడింది. హాలు, పడగ్గది, వంటిల్లు, వంటింటి పక్కన ఇంకో చిన్న గది. బాత్రూమ్ అచ్చంగా వాళ్ళ నలుగురికే. మంగరాజయితే కొత్త ఇల్లు కట్టించినవాడిలా తలుపులన్నీ తీసి చూపించాడు.

"పడగ్గది మనది. హాల్లో సోఫా వేద్దాం, టీవీ పెడదాం. ఇదిగోండత్తయ్యగారూ, ఈ గది అచ్చంగా మీదే! వంటిల్లు పక్కనే కాబట్టి మోకాళ్ళ నొప్పులతో అటూ ఇటూ తిరగక్కర్లేదు. తలుపేసుకుంటే మీ రాజ్యం మీది."

ఎంతో ప్రేమగానే అన్నాడు పాపం. అచ్చాయమ్మ ఆ గదిలోకి వెళ్ళింది. ఒక మంచం పడితే నిండిపోయే గది. కిటికీ లేదు, పైన ఒక ట్యూబ్‌లైటు. రెండు నిమిషాలు నిలబడి బయటికొచ్చేసింది. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని, వీళ్ళు తిరిగి బయల్దేరేదాకా లేవలేదు. ఎలా ఉందమ్మా అంటే, బాగానే ఉంది అంది. ఆవిడకి అన్నీ బాగానే ఉంటాయి కదా!

ఇప్పుడు చూస్తే ఈ మాట.

"బెడ్‌స్పేసేంటమ్మా?" శాంతిప్రియ డబ్బా ఠక్కున కింద పెట్టింది. "నువ్విక్కడ, మేమక్కడానా? పొమ్మనలేక పొగబెడుతున్నావా మాకు?"

"అదేం కాదే. నా పని ఇళ్ళన్నీ ఈ చుట్టుపక్కలే కదా..."

"అక్కణ్ణించి బస్సు లేదా? ఊరు ఊరంతా బస్సుల్లోనే కదా పనికి పోతోంది! క్యాంపుల మధ్య కాపురమంటే నాకు మాత్రం సరదానా? 'ఏం శాంతీ, క్యాంపుకి పోతున్నావంట కదా' అని నేను పనిచేసే సెలూన్లో పిల్లలు అప్పుడే నవ్వుతున్నారు. అయినా పర్లేదనుకున్నాను. ఎందుకో తెలుసా? నలుగురం ఒక్క చోట ఉండొచ్చని."

"శాంతీ, మెల్లగా" అన్నాడు మంగరాజు. ప్లైవుడ్ గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వినేవాళ్ళు వింటున్నారు.

"ఎందుకండీ మెల్లగా? విననివ్వండి! నేను బళ్ళో చేరిన ఏడాది రాజోలు బస్టాండులో నన్ను అమ్మమ్మ చేతికిచ్చి బస్సెక్కింది ఈవిడ. నాకు ఓణీలిచ్చిన రోజున ఫోన్లో గొంతు వినిపించింది. నా పెళ్ళికి బంగారం పంపింది. ఎవరడిగారు బంగారం? పెళ్ళిపీటల మీద కూర్చుని కూడా గుమ్మం వైపే చూశానమ్మా నేను. చివరి నిమిషంలోనైనా వస్తావేమోనని. ఇన్నాళ్ళకి నీ పక్కన చేరాను. చేరితే ఏమైంది? నవ్వవు, ఏడవవు, ఇది కావాలనవు, అది వద్దనవు. ఇప్పుడు మళ్ళీ నన్నొదిలేసి నీ దారిన నువ్వు పోతానంటావు. అసలు నేనంటే నీకేమైనా ఉందా, లేదా?"

అచ్చాయమ్మ మంచం మీంచి లేచింది. రెండు చేతులూ ముందు కట్టుకుంది. తల కొంచెం వంచి, కూతురి భుజం మీదుగా ఎక్కడో గోడ వైపు చూస్తూ కదలకుండా నిలబడింది. మొహంలో కోపం లేదు, బాధ లేదు. అసలేమీ లేదు.

కెజియా బొమ్మ వదిలేసి వచ్చి అమ్మమ్మ కొంగు పట్టుకుంది. "అమ్మా, అమ్మమ్మకి పనిష్‌మెంటా?"

"నువ్వుండవే! అమ్మా, నిన్నే అడుగుతున్నాను. నా వైపు చూడు. మాట్లాడు!"

"హాజర్, మామా" అంది అచ్చాయమ్మ.

మాట చాలా మెల్లగా వచ్చింది. వచ్చిన సంగతి ఆవిడకే తెలిసినట్టు లేదు.

అరబ్బుల ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు యజమానురాల్ని 'మామా' అనే పిలవాలి. పిలుపు రాగానే 'హాజర్' అనాలి, వచ్చానమ్మా అని. ఆ రెండు మాటలూ శాంతిప్రియకి చిన్నప్పట్నించీ తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసేది. బళ్ళో ఏం చెప్పారు, జ్వరం తగ్గిందా, జడ ఎవరేశారు అని అడుగుతూ అడుగుతూ ఉండగానే అవతల ఎవరిదో కేక. అమ్మ 'హాజర్, మామా' అనేది. ఫోన్ టక్కున కట్టయ్యేది. ఆ మాటల్ని చిన్నప్పుడు ఎంత తిట్టుకుందో శాంతిప్రియ! ఇవాళ వాటిని అమ్మ తనతోనే అంది.

శాంతిప్రియ నోటి మీద చెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

అమ్మ తీరు చూసి పొగరనుకుంది, మొండితనమనుకుంది, ప్రేమ లేదనుకుంది ఇన్నాళ్ళూ. తిట్లు తినీ తినీ నేర్చుకున్న నిలబడే తీరు అది. ఎదురు చెప్పకుండా, కళ్ళలో కళ్ళు పెట్టకుండా, కేకలు అయిపోయేదాకా అలా నిలబడిపోతే పని ఊడదు. ఆ అరుస్తున్న ఇంటావిడ ఈవేళ తనే అయింది.

"కూర్చోమ్మా" అంది చివరికి. "దండం పెడతాను, కూర్చో."

అచ్చాయమ్మ మంచం అంచున కూర్చుంది. శాంతిప్రియ నేల మీద నించే తల్లి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

"ఎందుకు రానంటున్నావు? ఆ క్యాంపుల వాసన వల్లనా?"

"వాసనదేముందే, రెండు రోజుల్లో అలవాటైపోద్ది."

"మరి?"

అచ్చాయమ్మ పుదీనా డబ్బా వైపు చూసింది. "ఆ గది" అంది.

"ఏ గది?"

"వంటింటి పక్కది. మామా వాళ్ళింట్లో నాదీ అలాంటిదే. కిటికీ లేదు. పొద్దెక్కిందో లేదో తెలిసేది కాదు. పిలిస్తే తెల్లారినట్టు, పిలుపులు ఆగితే పడుకున్నట్టు. పద్దెనిమిదేళ్ళున్నాను. మొదట్లో ఏడ్చేదాన్ని. ఏడిస్తే పొద్దున్న మొహం ఉబ్బుద్ది, ఎందుకు ఉబ్బిందని మామా కేకలేసుద్ది. అందుకని మానేశాను. తర్వాత ఏడుద్దామన్నా రాలేదు." ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "అక్కణ్ణించి బయటపడ్డాక ఈ కిటికీ చూసే ఈ వాటా తీసుకున్నాను. మొన్న అల్లుడుగారు ఆ తలుపు తియ్యగానే, నా కాళ్ళు వాటంతటవే లోపలికెళ్ళిపోయాయే. మంచం ఏ మూల వెయ్యాలో కూడా చూసేసుకున్నాను. అప్పుడు భయమేసింది."

మంగరాజు తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాడు.

"అత్తయ్యగారూ, మీకు వేరే గదిస్తే మర్యాదగా ఉంటుందనుకున్నానండి. ఒట్టు. నా బుర్రకి తట్టలేదండి ఇది."

"మీ తప్పేముంది బాబూ, మంచికే అన్నారు."

"మంచికేంటండీ, మట్టి! నోరు తెరిచి ఆ మాట మొన్నే నా మొహాన కొట్టాల్సింది." అతను తలెత్తాడు. "హాల్లో కిటికీ ఉంది, పెద్దది. మీ మంచం దాని కిందే వేస్తాను. సోఫా లేకపోతే మన కొంపేం మునిగిపోదు. ఆ చిన్న గదిలో బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పడేద్దాం. తలుపు తాళమెయ్యమంటే తాళమేస్తాను."

"వస్తావామ్మా?" శాంతిప్రియ తలెత్తలేదు. "నువ్వు రాకపోతే ముదీర్‌కి వద్దని చెప్పేస్తాం. ఇక్కడే ఎక్కడో నలుగురం పడుందాం. నిన్నొదిలి మాత్రం పోను."

అచ్చాయమ్మ చెయ్యి కూతురి జుట్టు మీద పడింది. ఎలా నిమరాలో మర్చిపోయిన చెయ్యిలా కాసేపు ఊరికే ఆగి, ఆ తర్వాత చిక్కులు తియ్యడం మొదలుపెట్టింది.

"పుదీనా డబ్బాకి కూడా చోటుంటుందా అక్కడ?" అంది.

మంగరాజు మొహం తుడుచుకుని ఫోన్ తీశాడు. "సలామ్ సాబ్. హా సాబ్, హమ్ లేంగే" అన్నాడు, వాటా తీసుకుంటామని.

నెలాఖరుకి ముందే సామానంతా ఒక పికప్ బండిలో పట్టేసింది. సత్వా వదిలేటప్పుడు శాంతిప్రియ కొంచెం ఏడ్చింది. కుసైస్‌లో బండి దిగగానే కెజియా మళ్ళీ ముక్కు మూసుకుంది. లారీల మోత తగ్గలేదు, ట్యాంకర్లు ఎక్కడికీ పోలేదు. సెలూన్లో పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. హాల్లో కిటికీ కింద మంచం, కిటికీలో పుదీనా. అవతల రోడ్డు మీద క్యాంపుల బస్సులు మనుషుల్ని నింపుకుని పోతుంటాయి.

మొదటి రోజు పొద్దున్నే శాంతిప్రియ టీ పెట్టింది. ఇంకా సర్దని అట్టపెట్టెల్లో పంచదార డబ్బా ఎక్కడుందో తెలియలేదు. వెతికే ఓపిక లేక, అమ్మకి ఏదైనా ఒకటే కదా అని అలాగే గ్లాసులో పోసి తెచ్చింది. అలికిడికి అచ్చాయమ్మ దిగ్గున లేవబోయింది.

"కూర్చోమ్మా. నేనే."

కూర్చుంది. కిటికీలోంచి ఎండ ఆవిడ పాదాల మీద పడుతోంది. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి ఆగింది. నుదురు ముడిపడింది. గ్లాసు వైపు చూసింది, కూతురి వైపు చూసింది.

"ఇదేం టీయే?" అంది. "పంచదార లేదు, పాడూ లేదు. నేను తాగను పో. మళ్ళీ పెట్టుకురా."

శాంతిప్రియ ఆ గ్లాసు తీసుకుని వంటింట్లోకి పరిగెత్తింది. అట్టపెట్టెలన్నీ కిందా మీదా చేసి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ, పంచదార డబ్బా కోసం వెతుక్కుంది.