పైడమ్మ గ్లాసుకి పచ్చదీపం

నూట అరవయ్యో రోజు కూడా నలభై గ్లాసులూ పచ్చగానే వెలిగాయి. భీమిలి ఒడ్డున ఉన్న ఆ ల్యాబులో పనిచేసే నలభై మందీ పొద్దున్నే ఎవరి పేరున్న గ్లాసుతో వాళ్లు నీళ్లు తాగాలి. అదీ ప్రయోగం. డాక్టర్ హైమవతి కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో పచ్చచుక్కకీ తల ఊపుతోంది.

ఆ గ్లాసు సంగతి వింటే ముచ్చటేస్తుంది. దాని అంచు చుట్టూ కంటికి కనపడని చక్కెర పూత ఉంటుంది. మనం కాఫీలో వేసుకునే చక్కెర కాదులెండి, దాని చుట్టాలు, గొలుసుల్లా అల్లుకున్నవి. నోట్లో కాన్సర్ మొదలైందనుకోండి, ఉమ్మిలోకి కొన్ని ప్రోటీన్లు దిగుతాయి. వాటికి ఈ చక్కెర గొలుసులంటే ఎంత ఇష్టమో, తగిలితే చాలు, చీమల్లా పట్టుకుంటాయి. పట్టుకోగానే పూత కిందున్న ఎలక్ట్రోడ్‌లో కరెంటు రవ్వంత మారుతుంది. జబ్బు తగలకపోతే గ్లాసు అడుగున పచ్చదీపం. అప్పుడప్పుడే మొదలైతే గులాబీ. ముదిరితే ఎరుపు. ఆ ఎరుపు ఎలా ఉంటుందో ఆ ల్యాబులో ఇంకా ఎవరూ చూడలేదు. సూది లేదు, కోత లేదు. నీళ్లు తాగినంతసేపట్లో, మనిషికి ఇంకా తెలియని జబ్బు గ్లాసుకి తెలిసిపోతుంది!

గ్లాసులు కడిగే పైడమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. హైమవతి ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ వాళ్లింట్లో పని చేసిన మనిషి. ల్యాబు పెట్టాక హైమవతే పిలిచి ఇక్కడ పని ఇచ్చింది.

“అమ్మాయిగోరూ, నోరు మల్లీ మండిపోతందమ్మా. గంజి కూడా దిగడం నేదు.”

“మళ్లీ మొదలెట్టావా? నీ గ్లాసు పచ్చగానే ఉంది చూడు. చుట్ట మానెయ్యవే అంటే మానవు.”

“మానీసి ఆర్నెల్లయినాది. ఆ దీపానికి నా మీద అంత పేమేటో మరి!”

హైమవతి నవ్వింది. దీపం చూపించి ఆమెను ఇలా పంపేయడం ఇది మూడోసారి.

పైడమ్మ నిట్టూర్చి, తన గ్లాసు మళ్లీ నింపుకుని ఎత్తింది. హైమవతి ఎందుకో అటు చూసింది. గ్లాసు నోటికి జానెడు పైన ఉంది. సన్నటి నీటి ధార తిన్నగా గొంతులోకి దిగుతోంది. ఒక్క చుక్క కింద పడలేదు. అడుగున పచ్చదీపం వెలిగింది.

హైమవతి కుర్చీలోంచి లేచి వచ్చింది. నీళ్లు పోశారా, ఖాళీ చేశారా, ఇంతే గ్లాసు చూసేది. పెదవి తగిలిందా లేదా చూడమని దానికి ఎవరూ చెప్పలేదు.

“పైడమ్మా, రోజూ ఇలాగే తాగుతున్నావా?”

“మరెలగ తాగుతారమ్మా?”

“అంచుకి పెదవి ఆనించి!”

“ఓలమ్మో! మీ గలాసుకి నాను మూతెట్టీడమేటి?”

“అది నీ గ్లాసే. నీ పేరుంది దాని మీద.”

“పేరు రాసీసినంతలో నాదైపోద్దేటి?”

“ఎవరు నేర్పారు నీకిలా?” హైమవతి గొంతు లేచింది.

పైడమ్మ ఆమె వంక వింతగా చూసింది. “మరిసిపోనారా? మీకప్పుడు ఏడేళ్లు. నాను ఎండన పడొచ్చి ఆత్రంగా తాగితే మూతి తగిలీసినాది. మీరు పరిగెట్టుకెల్లి అమ్మగోరికి సెప్పీసినారు. ఆవిడ ఆ గలాసుని నిప్పుల్లో పడీసి కాల్చినారు. ఆ దినం మొదలు, తల్లీ, ఏ గలాసుకీ నా మూతి తగల్నివ్వనేదు.” ఆ చివరి మాట కొంచెం గర్వంగానే అంది.

హైమవతికి గుర్తుంది. అమ్మ తన తల నిమిరి, “నా తల్లే, మంచి పని చేశావు” అనడం గుర్తుంది. ఇన్నేళ్లూ అది తీపి జ్ఞాపకంగానే ఉంది. చక్కెర పూత ఎంత మందం ఉండాలో మూడేళ్లు లెక్కలు కట్టిన మనిషికి ఈ ఒక్క సంగతి తోచలేదు. తెలియని సంగతైతే సరిపెట్టుకోవచ్చు.

“ఒక్కసారి ఆనించి తాగు. నా కోసం.”

పైడమ్మ ప్రయత్నించింది. పెదవి దాకా వచ్చిన గ్లాసు దానంతటదే పైకి లేచిపోయింది. రెండోసారీ అంతే, నీళ్లు చీర మీద ఒలికాయి. మూడోసారి హైమవతి ఆమె మణికట్టు పట్టుకుంది. గులాబీ అయినా ఫరవాలేదు, గులాబీ అయితే చిన్న కోతతో పోతుంది అనుకుంటూ, ఆ గ్లాసుని మెల్లగా పెదవులకి ఆనించింది. పైడమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఒక గుక్క మింగింది.

గులాబీ రంగు రెప్పపాటు కూడా నిలవలేదు. అడుగంతా ఎర్రబడిపోయింది.

పైడమ్మ కళ్లు తెరిచి ఆ ఎరుపు చూసింది. గబుక్కున గ్లాసు లాక్కుని, కొంగుతో అంచుని తుడవడం మొదలుపెట్టింది.

“తప్పైపోనాదమ్మా. మూతెట్టీసినానని దానికి తెలిసిపోనాది. బేగి తోమీసి తెత్తాను. అమ్మాయిగోరూ, ఈ పాలి ఎవుల్తోనూ సెప్పకండి.”