సిలిండర్ మీద చేయి

మధ్యధరా సముద్రం ఒడ్డున వాళ్ళ యాత్రలో ఇంక ఒక్క రోజే ఖాళీగా మిగిలింది. చూడాల్సిన రేవులు చూశారు, ఎక్కాల్సిన మెట్లు ఎక్కారు, మ్యూజియంలో ముక్కులు విరిగిన విగ్రహాల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆ ఒక్క రోజు ఏం చెయ్యాలన్న దగ్గరే తల్లికీ కూతురికీ చెడింది.

కూతురికి స్కూబా డైవింగ్ కావాలి. తల్లికి కొండ మీది కోట కావాలి. కోట మీద ఆవిడకేమీ మోజు లేదు. అది నేల మీద ఉంది, అంతే.

ఆవిడది కళ్ళద్దాల షాపు. భర్త పోయాక ఒంటి చేత్తో నెట్టుకొస్తోంది. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇది బాగుందా, అది బాగుందా అని అడగడమే పని. ఇంట్లో మాత్రం ఒకటే అద్దం పెట్టి, ఇదే బాగుంది పొమ్మంటుందని కూతురి ఎత్తిపొడుపు. ఒక్కగానొక్క పిల్ల. ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. మొదటిసారి దొరికిన సెలవులు తల్లి కోసం వాడేస్తున్నానని, ఒక్క రోజైనా తన ఇష్టానికి వదిలెయ్యమని, హోటల్లో టిఫిన్ బల్ల దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంది.

వాళ్ళ వెంట వచ్చిన తల్లి తమ్ముడు ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. అతను ప్లంబింగ్ కాంట్రాక్టరు.

"నీళ్ళు పైపులో ఉన్నంతసేపే నాకు గౌరవం, అమ్మడూ. నేను ఒడ్డున కూర్చుని మీ చెప్పులకి కాపలా కాస్తా" అన్నాడు.

"నీ పైపుల కంటే సముద్రమే నయం మామయ్యా. కారదు" అంది మేనకోడలు.

చివరికి దారి చూపించింది అతనే. రేవు వెనక సందులో డైవింగ్ నేర్పే షాపు ఉంది. అక్కడ కొత్తవాళ్ళని ముందు ఓ తొట్టిలో దింపి చూస్తారట. మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళి దిగండి, అక్కకి భయం వేస్తే రేపు కోట, వెయ్యకపోతే రేపు సముద్రం అన్నాడు. తల్లి వెంటనే సరేనంది. భయం ఎలాగూ వేస్తుంది, అదే సాకు అవుతుందనుకుంది.

కూతురు తక్కువది కాదు. "కావాలని భయపడకూడదు. ముందే చెబుతున్నా" అంది.

ఎండ మాడ్చేస్తున్న వేళ ఆ సందులోకి వెళ్ళారు. ఇళ్ళ కిటికీలన్నీ మూసి ఉన్నాయి. షాపు ముందు తీగ మీద నల్లటి రబ్బరు సూట్లు నీళ్ళు కారుతూ వేలాడుతున్నాయి, లోపలి మనుషులు ఇప్పుడే జారిపోయినట్టు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి లోపలికి కేకేస్తే బొజ్జ మనిషి ఒకాయన వచ్చాడు. ఉప్పు గాలికి ముఖం బొగ్గులా మాడిపోయి ఉంది. నేర్పేది ఆయనే. తమ్ముడు అప్పటికప్పుడు ఆయనకి మాస్టారని పేరు పెట్టేశాడు.

తొట్టి షాపు కింద ఉంది. ఒకప్పుడు ఊరికంతటికీ తాగే నీళ్ళు అక్కడే నిలవ చేసేవాళ్ళట. రాతి మెట్లు దిగుతుంటే పాదాల నుంచి చలి పైకి పాకింది. బయటి ఎండ ఒక్క మలుపుతో మాయమైంది. రబ్బరు వాసన, తడి రాయి వాసన, వాటి అడుగున ఇంకేదో... చాలాకాలం తెరవని పెట్టె తెరిచినప్పటి వాసన. పొడవాటి తొట్టి. ఇవతలి కొసన దీపాలున్నాయి. అక్కడ నీళ్ళు ఆకుపచ్చగా, అడుగు రాళ్ళతో సహా కనబడుతున్నాయి. అవతలి కొసన రాతి కమాను. దాని కింద నీళ్ళకి రంగు లేదు.

మాస్టారి వచ్చీరాని ఇంగ్లీషుని కూతురు తల్లికి విడమరిచి చెప్పింది. గొట్టాన్ని పళ్ళతో బిగించి పట్టుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. తాను వెనకాల, కాస్త పైన ఉంటాడు, వీపు మీది సిలిండర్‌ని పట్టుకుని నడిపిస్తాడు. ఆయన కనబడడు. వెనక్కి తిరిగి చూడాలని మెలికలు తిరిగితే బోర్లా పడతారు. చేయి ఉన్నట్టు తెలుస్తూనే ఉంటుంది, అది తెలిస్తే చాలు. ఒక్కొక్కరినే తీసుకెళ్తాడు.

కూతురు ముందు దిగింది. తల్లి గట్టు మీద నిలబడి నీళ్ళు చూస్తూ ఉండిపోయింది. పిల్ల బుడగలు చిన్నవి, మాస్టారి బుడగలు పెద్దవి. రెండు గుంపులూ పక్కపక్కనే లేస్తూ, చిట్లుతూ, దీపాల కింది నుంచి కమాను వైపు సాగాయి. అక్కడ కాసేపు ఆగాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి.

పైకొచ్చిన పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి, పెదాలు నల్లబడ్డాయి. ఎలా ఉందే అంటే బాగుంది అంది. అంతే. రేడియోలా వాగే పిల్ల ఇంకో మాట అనలేదు. తువ్వాలు చుట్టుకుని కూర్చుని నీళ్ళ వైపే చూస్తోంది. చలికి నోరు పడిపోయిందనుకుంది తల్లి.

తన కళ్ళద్దాలు తమ్ముడికిచ్చింది. పవర్ ఉన్న డైవింగ్ అద్దాలు సొరుగులో ఉంటే తానే వెతికి, తన చూపుకి దగ్గరగా ఉన్నవి తీసుకుంది. షాపు నా పేర రాసిచ్చి దిగక్కా అన్నాడు తమ్ముడు. ఆవిడ నవ్వబోయింది గానీ అప్పటికే నోట్లో గొట్టం ఉంది.

నీళ్ళు నెత్తి మీద మూసుకున్నాయి.

ముందు చెవుల్లో హోరు. తర్వాత తన ఊపిరే. పీల్చినప్పుడు బుస్సుమని, వదిలినప్పుడు గలగలమని. ఈదడం రాని మనిషి. అయినా వీపు మీద ఆ చేయి ఉంది. సిలిండర్‌ని గట్టిగా పట్టుకుని, మెల్లగా, పసిపిల్లని నడిపించినట్టు ముందుకి తోస్తోంది. రాళ్ళ మధ్య నాచు ఊగుతోంది. తన చేతులు పెద్దవిగా, దగ్గరగా, ఎవరివో అన్నట్టు కనబడుతున్నాయి. మధ్యలో ఒకసారి చేయి వదిలింది. మళ్ళీ పట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే ఆవిడకి సిగ్గేసింది. భయం వెయ్యడం లేదు. ఇంత హాయిగా ఉంటే ఇక పిల్లని ఏమని ఆపడం... రేపు వెళ్ళనిద్దాం అనుకుంది. నిజంగానే అనుకుంది.

దీపాలు వెనకబడ్డాయి. నీళ్ళ పచ్చదనం తగ్గింది. కమాను దగ్గరవుతోంది. చలి. ఇప్పుడు చేయి కాస్త వేగంగా తోస్తోంది. ఇంత దూరం ఎందుకు, ఇక తిప్పవచ్చు కదా అనుకుంది.

ఊపిరి వదిలింది. గలగల.

పీల్చుకునే ముందు ఒక్క క్షణం ఆగింది.

నిశ్శబ్దం.

మళ్ళీ వదిలింది. బుడగలు చెవుల పక్క నుంచి పైకి పోయాయి. ఆగింది. విన్నది...

ఏమీ లేదు.

వెనకున్న మనిషికి ఊపిరి లేదు.

మెడ తిప్పబోయింది. అద్దాల అంచు అడ్డం. చేయి అలాగే ఉంది. తోస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడు పక్క నుంచి, వెలుతురున్న వైపు నుంచి, ఎవరో కాళ్ళు టపటపా కొట్టుకుంటూ దూసుకొచ్చి ఆవిడ ముందుకి తిరిగారు. బొజ్జ. నల్లటి గ్లవ్స్. ముక్కు మీద అద్దం వంకరగా.

మాస్టారు.

రెండు చేతులూ ఆవిడ వైపు చాచి వస్తున్నవాడు, అందుకునేంత దూరంలో ఆగిపోయాడు. ఆవిడని చూడడం లేదు. ఆవిడ భుజం మీదుగా చూస్తున్నాడు. ఆయన నోటి దగ్గర బుడగలు ఆగిపోయాయి.

సిలిండర్ మీద చేయి వదిలింది. భుజం మీదకొచ్చింది. అద్దాల అంచులో, ఎడమ కంటి పక్కన, వేళ్ళ కొసలు కనబడ్డాయి. గ్లవ్స్ లేవు. తెల్లగా, ముడతలు పడి... చాలాసేపు బట్టలుతికిన చేతిలా. అవి అద్దాన్ని నెమ్మదిగా తడిమాయి. షాపులో ఆవిడ కొత్త ఫ్రేము సరిచేసి చూసేటంత జాగ్రత్తగా.

తర్వాత వదిలేశాయి.

పైకి ఎలా వచ్చిందో ఆవిడకి గుర్తులేదు. గట్టు మీద బోర్లా పడుకుని దగ్గుతుంటే తమ్ముడు వీపు రుద్దుతున్నాడు. మాస్టారు ఓ పక్కకి కూలబడి చెప్పుకుంటూ పోతున్నాడు. తన అద్దం బెల్టు జారిందట, సరిచేసుకోవడానికి చేయి వదిలాడట, ఆ కాస్తలోనే ఈవిడ అంత దూరం ఈదేసిందట. కొత్తవాళ్ళు ఇంత వేగంగా ఈదడం తానెప్పుడూ చూడలేదట.

"అక్కకి ఈతే రాదండీ" అన్నాడు తమ్ముడు తెలుగులోనే, ఎవరితో అంటున్నాడో తనకే తెలియకుండా.

తొట్టిలో ఇంకెవరున్నారో అడగమంది తల్లి. కూతురు అడిగింది. మాస్టారు తల వంచుకుని చాలాసేపు చెప్పాడు. మధ్యలో ఒకసారి కమాను వైపు చూపించాడు. పిల్ల విన్నది.

"ఎవరూ లేరంట" అంది తల్లితో.

వాళ్ళు మెట్లెక్కుతుండగానే ఆయన దీపాలన్నీ ఆర్పేసి ఇనప గేటుకి తాళం వేశాడు. ఆ పూటకి షాపు మూసేస్తున్నానన్నాడు.

సందులో ఎండ పడగానే తల్లి, "రేపు కోట" అంది. పిల్ల గొడవ పడుతుందని, నువ్వు కావాలనే చేశావంటుందని గొంతు సర్దుకుంది. ఏ మాటకి ఏం బదులు చెప్పాలో లోపల పేర్చుకుంది కూడా.

"సరే అమ్మా" అంది కూతురు.

మర్నాడు కోట మీద జనం కిటకిటలాడుతున్నారు. గాలి టోపీలు ఎగరగొడుతోంది. ఎవరెవరి పిల్లలో ఫిరంగుల మీద ఎక్కి అరుస్తున్నారు. ఎండా, మనుషుల గోలా ఇంత ఇష్టంగా ఆవిడకి ఎప్పుడూ అనిపించలేదు. తమ్ముడు ఫోను పైకెత్తి ప్రతి రాయినీ ఫోటో తీసుకుంటూ ముందుకి పోయాడు. పిల్ల పిట్టగోడకి ఆనుకుని, ఎక్కడో దిగువన సన్నటి గీతలా ఉన్న సముద్రాన్ని చూస్తోంది. తల్లి వెళ్ళి పక్కన నిలబడింది.

కోపమా అని అడిగింది. లేదన్నట్టు తలూపింది పిల్ల.

"నువ్వేం బాధపడకమ్మా. నువ్వు రావని నాకు ముందే తెలుసు. ఆయనకీ అదే చెప్పాను."

"ఎవరికి?"

"నిన్న కమాను దగ్గర అడిగాడుగా. ఒక్కదానివే వస్తావా, మీ అమ్మ కూడా వస్తుందా అని."

నీళ్ళ కింద, పళ్ళ మధ్య గొట్టం బిగించుకుని... ఎవరు ఎవర్ని ఏమని అడుగుతారు? ఆ మాటే అంది తల్లి.

"ఏమో మరి. మన భాషలోనే అడిగాడు" అంది పిల్ల, అప్పుడే అది తోచినట్టు.

"నువ్వేమన్నావ్?"

"ఒక్కదాన్నే అన్నాను. ముందు మీ అమ్మని చూసొస్తానన్నాడు."

తల్లి పిల్ల కుడి మణికట్టు పట్టుకుంది. బస్సులు ఆగే వైపు నడిచింది. తమ్ముడు వెనక నుంచి పిలుస్తున్నాడు, ఆగలేదు. మనుషుల్ని తోసుకుంటూ నడిచింది. రేపు విమానం. ఇంటికి పోతారు. షాపూ, ఇల్లూ, పిల్ల ఉద్యోగమూ... అక్కడ చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు. ఎక్కడా లేదు. పిల్ల చిన్నప్పుడు బడికి వచ్చినట్టు బుద్ధిగా వెంట వస్తోంది. కాకపోతే బరువుగా వస్తోంది. అడుగడుగుకీ ఇంకాస్త బరువుగా.

గేటు దగ్గర కూతురు మెల్లగా మూలిగింది.

"నెమ్మదమ్మా... మీరిద్దరూ చెరో వైపు లాగితే నేనెలా నడవను?"

తల్లి ఆగిపోయింది. తిరిగి చూసింది.

పిల్ల ఎడమ చేయి పక్కకి, పిట్టగోడ వైపు, బిగుతుగా చాచి ఉంది. దాని చివర ఎవరూ లేరు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ చొక్కా చేయి మోచేతి దాకా తడిసి, రాళ్ళ మీద చుక్క చుక్కగా కారుతోంది.