ఒకే నంబరు, నలభై డౌట్లు

ఆ నంబరును బ్లాక్ చేసి పారెయ్యాలి. అంతకుముందు ఆ మనిషి మొహం చూసి నాలుగు దులిపేద్దామనే హెల్ప్‌లైన్ అమ్మాయి బయల్దేరింది.

దులపదా మరి? ఒక్క నంబరు నుంచి నెలలో నలభై ప్రశ్నలు. సోమవారం పీరియడ్ పది రోజులు లేటయిందట. మంగళవారం గడ్డం ఇంకా రాలేదట. బుధవారం, కండోమ్ వాడితే నీరసం వస్తుందా అని. అన్నిటి చివరా 'మా ఫ్రెండ్‌కి' అని ఒక తోక. ఇన్ని బాధలూ ఒక్కడికే ఉంటే వాణ్ణి మ్యూజియంలో పెట్టాలి. లేదంటే వాడు మనతో ఆటలాడుతున్నట్టు. మేనేజరు రెండోదే ఖాయం చేసి, సాయంత్రంలోగా తీసెయ్యమన్నాడు.

ఈ మేనేజరు మామూలోడు కాదు. వరదలో ఊళ్లు పోయి శిబిరంలో ఉంటున్న కుర్రకారు, ఎవరినీ అడగలేని సంగతులు అడగడానికని యాప్ చేయించాడు. సొంత ఫోను, సొంత నంబరు, శాశ్వత చిరునామా ఉంటేనే అది తెరుచుకుంటుంది. ఇల్లు కొట్టుకుపోయినవాళ్లని శాశ్వత చిరునామా అడగాలంటే ఎంత తెలివి ఉండాలో ఆలోచించండి.

శిబిరమంటే ఓ పాత గోడౌను. మెట్ల కింద బల్ల, బల్ల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డులు, వాటి నిండా జనం ఫోన్లు, వాటి వెనక ఒక యువకుడు. అందరూ ఛార్జింగ్ అన్నయ్య అంటున్నారు. ఆ అమ్మాయి నంబరు నొక్కింది. అతని జేబులో మోగింది.

తనెవరో చెప్పి, "మీకు పీరియడ్ లేటయిందా?" అంది.

అతను అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అవునండీ."

"గడ్డం కూడా రాలేదా?"

రెండు రోజుల గడ్డం గోక్కుంటూ, "రాలేదండీ" అన్నాడు.

నవ్వు పొంగుకొచ్చినా ఆమె పళ్ల బిగువున ఆపుకుంది. ఈ నంబరు ఇవాళ్టితో సరి అని చెప్పేసరికి అతని మొహం పాలిపోయింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇక్కడ కుటుంబానికి ఒకటే ఫోను, అదీ నాన్న చేతిలోనో అత్త చేతిలోనో. యాప్ అడిగే శాశ్వత చిరునామా గోడౌను పక్కింటివాడైన ఇతనికే ఉంది. అందుకని ఛార్జింగ్ వంకతో వచ్చి, రెండు నిమిషాలు ఇతని ఫోను తీసుకుని, అడగాల్సింది అడిగి పోతారు. టైపు చేసినంతసేపూ ఇతను గోడ వైపు తిరిగి కూర్చుంటాడు.

"ఎవరేం అడిగారో నాకు తెలీదండీ. నలభై రోగాలూ నాకే ఉన్నాయని రాసుకోండి. నంబరు మాత్రం తియ్యకండి."

ఆమె గబగబా తన ఫోనులో పాత మెసేజ్‌లు వెనక్కి తిప్పింది. పొద్దున వచ్చిన మెసేజ్, మూడు రోజులుగా మూత్రంలో మంట, జ్వరం అన్నది, వేళాకోళమనుకుని జవాబే ఇవ్వలేదు.

"పొద్దున మీ ఫోను తీసుకున్నవాళ్లని ఇప్పుడే డాక్టరుకు చూపించాలి. పేరు చెప్పొద్దు. పిలవగలరా?"

అతను బోర్డు నుంచి, పొద్దున వచ్చిన కోడలి ఇంటివాళ్ల ఫోను పీకి లోపలికెళ్లాడు. సిమ్ కోడలి పేరు మీద ఉంది, ఆమె వేలిముద్ర లేకపోతే ఫోను ఆగిపోతుంది, సిమ్ ఆఫీసు మేడం వచ్చారని అత్తగారితో చెప్పాడు. కోడలి ఒంట్లో జ్వరం కనపడని ఆవిడ, ఫోను అనగానే ఉలిక్కిపడి కోడల్ని తరిమినంత పని చేసింది. రోడ్డవతలే క్లినిక్. ఇంకో రెండ్రోజులు ఆగితే కిడ్నీల దాకా పోయేదని డాక్టరు మందులిచ్చి పంపింది.

సాయంత్రం మేనేజరు అడిగితే, తీసేశానంది హెల్ప్‌లైన్ అమ్మాయి. నంబరును కాదు, శాశ్వత చిరునామా గడిని.

కుర్చీలో కూర్చుందో లేదో అదే నంబరు నుంచి మెసేజ్. "ఈసారి ఫ్రెండ్‌కి కాదండీ, నాకే. ఒక మేడం వచ్చి వెళ్లినప్పట్నుంచి అందరికీ తప్పు ఫోన్లు ఇచ్చేస్తున్నాను. దీనికి మందుందా?"

'సిగ్గుపడకుండా స్వయంగా సంప్రదించండి' అనే ఆఫీసు జవాబు సగం కొట్టి చెరిపేసింది. మనసు ఎక్కడో తేలిపోతోంది, ఒప్పుకోక తప్పదు.

"నేనే వస్తాను, గురువారం" అని రాసింది. కాసేపాగి ఇంకో ముక్క జోడించింది.

"గడ్డం వచ్చి ఉంటే గీసుకోండి."